పాఠం 14. ఆకాశం నుంచి చెరువును చూడటం: ఉపగ్రహ చిత్రాలతో పర్యావరణ పరిశీలన

14.1 పరిచయం

హౌరా అనగానే మన తెలుగువారికి మొదట రైలు గుర్తుకొస్తుంది. సికింద్రాబాదు, విజయవాడ, విశాఖపట్నంల మీదుగా అటు పోయే బండ్లు ఎన్నో ఉన్నాయి. హుగ్లీ నదికి పడమటి ఒడ్డున హౌరా, తూర్పు ఒడ్డున కోల్‌కతా ఉన్నాయి. 1943లో ప్రారంభమైన హౌరా వంతెన ఈ రెండు నగరాలనూ కలుపుతుంది. మన వైపు నుంచి వెళ్లే బండి హౌరా చేరడానికి కాస్త ముందు సంత్రాగాచి అనే స్టేషను దాటుతుంది. ఆ స్టేషను దగ్గర రైల్వేవారి స్థలంలో ఒక పెద్ద చెరువు ఉంది. చలికాలం వచ్చిందంటే ఈల వేసినట్టు కూసే చిన్న బాతులు, వాటితోపాటు మరికొన్ని వలస పక్షులు ఆ చెరువుకు చేరుతాయి. చుట్టూ ఇళ్లు, రోడ్లు, మురుగు కాలువలు ఉన్నా ఆ చెరువు ఇంకా మిగిలి ఉంది.

ఈ చెరువును ఒడ్డున నిలబడి చూడవచ్చు. కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం నుంచి కూడా చూడవచ్చు. ఒడ్డున నిలబడినవారికి ఈ రోజు చెరువు ఎలా ఉందో వివరంగా కనిపిస్తుంది. ఉపగ్రహానికి ఈ చెరువుతోపాటు జిల్లాలోని చెరువులన్నీ ఒకేసారి కనిపిస్తాయి. పదేళ్ల క్రితం తీసిన చిత్రం కూడా భద్రంగా ఉంటుంది. ఈ రెండు చూపులూ కలిస్తేనే మనకు పూర్తి సంగతి తెలుస్తుంది. ఈ పాఠంలో మనం నేర్చుకోబోయే ముఖ్య విషయం ఇదే.

హౌరానే ఎందుకు ఎంచుకున్నామని మీరు అడగవచ్చు. ఇరుకైన పాత నగరం, చెరువులు, పెద్ద నది, వరద వచ్చే పల్లెలు, తుపానులు, దక్షిణాన సముద్రం అంచున సుందరవనాలు - ఇవన్నీ అక్కడ దగ్గర దగ్గరగా ఉన్నాయి. అక్కడ నేర్చుకున్నది మన ఊరి చెరువుకూ పనికొస్తుంది.

14.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• ఉపగ్రహం నేలను ఎలా చూస్తుందో వివరించగలుగుతారు.
• పిక్సెల్ అంటే ఏమిటో చెప్పి, దాని విస్తీర్ణాన్ని సెంట్లలో లెక్కకట్టగలుగుతారు.
• మేఘాలున్నప్పుడు రాడార్ చిత్రం ఎలా ఉపయోగపడుతుందో చెప్పగలుగుతారు.
• ఉపగ్రహ చిత్రాన్ని నేల మీద సరిచూసుకోవడం ఎందుకు అవసరమో ఉదాహరణలతో వివరించగలుగుతారు.
• మీ ఊరి చెరువును ఈ పద్ధతిలో పరిశీలించగలుగుతారు.

14.3 ఉపగ్రహం ఎలా చూస్తుంది?

మనం ఒక వస్తువును చూడాలంటే దాని మీద పడిన వెలుగు తిరిగి మన కంటికి చేరాలి. ఉపగ్రహంలోని కెమెరా కూడా ఇంతే. సూర్యకాంతి నేల మీద పడుతుంది. నేల, నీరు, చెట్టు, ఇంటి కప్పు ఆ కాంతిలో కొంత పీల్చుకొని, కొంత పైకి పంపుతాయి. అలా పైకి వచ్చిన కాంతిని ఉపగ్రహం కొలుస్తుంది. వస్తువును ముట్టుకోకుండా దూరం నుంచే దాని వివరాలు తెలుసుకొనే ఈ పద్ధతిని రిమోట్ సెన్సింగ్ అంటారు.

మన కంటికి కనిపించని కాంతి కూడా ఉంది. ఎరుపు తర్వాత వచ్చే పరారుణ కాంతి అలాంటిది. పచ్చని ఆకు ఎరుపు కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది. పరారుణ కాంతిని ఎక్కువగా వెనక్కి పంపుతుంది. ఆకు జబ్బుపడితే ఈ తీరు మారిపోతుంది. మన దేశంలో రిమోట్ సెన్సింగ్‌కు ఆద్యుడుగా పేరొందిన పి.ఆర్. పిషారోటి 1970 ప్రాంతంలో కేరళలో దీన్ని పరీక్షించారు. హెలికాప్టర్ నుంచి పరారుణ ఫిల్ముతో కొబ్బరి తోటలను ఫోటోలు తీయించి, తెగులు సోకిన చెట్లను గుర్తించే ప్రయత్నం చేశారు.

నీటి సంగతి వేరు. నీరు పరారుణ కాంతిని దాదాపు పూర్తిగా పీల్చుకుంటుంది. అందుకే పరారుణ చిత్రంలో చెరువు నల్లగా, తోట తెల్లగా కనిపిస్తాయి. ఈ తేడాను ఒక అంకెగా మార్చడానికి శాస్త్రజ్ఞులు ఒక సులువైన లెక్క వాడతారు. దీన్ని వృక్ష సూచిక అంటారు.

వృక్ష సూచిక = (పరారుణ − ఎరుపు) ÷ (పరారుణ + ఎరుపు)

నూరు పాళ్ల కాంతి పడితే ఎన్ని పాళ్లు వెనక్కి వచ్చాయో ఊహించి మూడు లెక్కలు చేద్దాం.

పచ్చని పైరు: పరారుణ 50, ఎరుపు 10 అనుకోండి. (50 − 10) ÷ (50 + 10) = 0.67
ఇంటి కప్పు: పరారుణ 25, ఎరుపు 22 అనుకోండి. (25 − 22) ÷ (25 + 22) = 0.06
నీరు: పరారుణ 3, ఎరుపు 5 అనుకోండి. (3 − 5) ÷ (3 + 5) = −0.25

సూచిక 1కి దగ్గరగా ఉంటే దట్టమైన పచ్చదనం. సున్నాకు దగ్గరగా ఉంటే బోడి నేల, కట్టడాలు. సున్నా కన్నా తక్కువైతే చాలావరకు నీరు. ఈ లెక్కను గుర్తుంచుకోండి. ఇది ఎక్కడ పొరబడుతుందో ముందు ముందు చూస్తాం.

పాఠంలోని ప్రశ్నలు 14.1
1. పరారుణ చిత్రంలో నీరు నల్లగా ఎందుకు కనిపిస్తుంది?
2. ఒకచోట పరారుణ 40 పాళ్లు, ఎరుపు 10 పాళ్లు వెనక్కి వచ్చాయి. వృక్ష సూచిక ఎంత? అక్కడ ఏమి ఉండవచ్చు?

14.4 చిత్రంలో ఒక గడి ఎంత?

ఉపగ్రహ చిత్రాన్ని బాగా పెద్దది చేసి చూస్తే గళ్ల చీరలా చిన్న చిన్న చతురస్రాలు కనిపిస్తాయి. ఒక్కొక్క చతురస్రాన్ని పిక్సెల్ అంటారు. మనం సులువుగా గడి అందాం. ఒక గడికి ఒకే అంకె ఉంటుంది. ఆ గడిలో సగం చెరువు, సగం ఇల్లు ఉంటే రెండూ కలిసిన అంకె వస్తుంది. కాబట్టి గడి ఎంత చిన్నదైతే వివరం అంత బాగా తెలుస్తుంది.

మన దేశపు మొదటి పూర్తిస్థాయి దూరపరిశీలన ఉపగ్రహం ఐ.ఆర్.ఎస్-1ఎ. దీన్ని 1988 మార్చి 17న అప్పటి సోవియట్ యూనియన్‌లోని బైకనూర్ నుంచి ప్రయోగించారు. ఆ ఉపగ్రహంలోని ఒక కెమెరాకు గడి భుజం 72.5 మీటర్లు. ఆ తర్వాత గడులు చిన్నవవుతూ వచ్చాయి. వాటి విస్తీర్ణాన్ని మనకు అలవాటైన సెంట్లలో చూద్దాం. ఒక సెంటు అంటే సుమారు 40.5 చదరపు మీటర్లు. వంద సెంట్లు ఒక ఎకరం.

ఐ.ఆర్.ఎస్-1ఎ, లిస్-1 కెమెరా: గడి భుజం 72.5 మీ. విస్తీర్ణం సుమారు 130 సెంట్లు.
అమెరికా ల్యాండ్‌శాట్-8: గడి భుజం 30 మీ. విస్తీర్ణం సుమారు 22 సెంట్లు.
మన రిసోర్స్‌శాట్, లిస్-3 కెమెరా: గడి భుజం 23.5 మీ. విస్తీర్ణం సుమారు 14 సెంట్లు.
ఐరోపా సెంటినెల్-2: గడి భుజం 10 మీ. విస్తీర్ణం సుమారు రెండున్నర సెంట్లు.
మన రిసోర్స్‌శాట్, లిస్-4 కెమెరా: గడి భుజం 5.8 మీ. విస్తీర్ణం సెంటు కన్నా తక్కువ.

హౌరా వంతెన పొడవు సుమారు 705 మీటర్లు. 72.5 మీటర్ల గడులతో తీసిన చిత్రంలో ఈ వంతెన పొడవునా దాదాపు పది గడులే పడతాయి. 10 మీటర్ల గడులైతే డెబ్బై పడతాయి. వంతెన అదే, నది అదే. చూసే కన్ను పదునెక్కింది.

ఈ చిత్రాలు మనకు చేరే దారి కూడా తెలుసుకోండి. మన ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని హైదరాబాదుకు దగ్గరలోని షాద్‌నగర్‌లో ఉన్న పెద్ద యాంటెన్నాలు అందుకుంటాయి. హైదరాబాదు బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం దాన్ని చిత్రాలుగా మార్చి అవసరమైన శాఖలకు అందిస్తుంది. అంటే హౌరా చెరువు చిత్రానికి కూడా తెలుగునేల మీదుగానే దారి! ఇస్రో 2009లో ప్రారంభించిన భువన్ అనే సేవలో మామూలు ప్రజలు కూడా ఇలాంటి చిత్రాలను చూడవచ్చు. ల్యాండ్‌శాట్ పాత చిత్రాలన్నింటినీ అమెరికా 2008 నుంచి ఉచితంగా ఇస్తోంది. సెంటినెల్ చిత్రాలూ ఉచితమే.

14.5 మళ్లీ ఎప్పుడు చూస్తుంది?

ఒక్క చిత్రంతో మార్పు తెలియదు. కనీసం రెండు చిత్రాలు కావాలి. ఉపగ్రహం ఒక చోటును చూసి, మళ్లీ అదే చోటుకు ఎన్ని రోజుల తర్వాత వస్తుందన్నది ముఖ్యం. ఐ.ఆర్.ఎస్-1ఎ 22 రోజులకోసారి వచ్చేది. ల్యాండ్‌శాట్-8 వచ్చేది 16 రోజులకోసారి. సెంటినెల్-2 జంట ఉపగ్రహాలు కలిసి 5 రోజులకోసారి వస్తాయి.

చెరువును పూడుస్తున్నారా అని చూడటానికి ఇది చాలు. తుపాను విషయంలో చాలదు. తుపాను గంటగంటకూ కదులుతుంది. అందుకోసం వేరే రకం ఉపగ్రహాలున్నాయి. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం భూమితో సమానంగా తిరుగుతుంది. అందువల్ల ఎప్పుడూ మన దేశం మీదే చూపు నిలిపి ఉంచగలదు. 2013లో ప్రయోగించిన ఇన్‌శాట్-3డి ఇలాంటిదే. ఇలాంటి ఉపగ్రహాలు అరగంటకోసారి మేఘాల చిత్రం పంపుతాయి. ఇంత ఎత్తు నుంచి చూస్తాయి కాబట్టి వీటి గడులు కిలోమీటర్ల కొలతలో ఉంటాయి. చెరువు వీటికి కనిపించదు. ప్రతి పనికీ తగిన కన్ను కావాలన్నమాట.

ఈ చూపు విలువ మన కోస్తావారికి బాగా తెలుసు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. సుమారు పదివేల మంది చనిపోయారు. అప్పటికి మనకంటూ వాతావరణ ఉపగ్రహం లేదు. 1983లో ఇన్‌శాట్-1బి పని మొదలుపెట్టాక ఆ లోటు తీరింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. 2020 మే 20న ఆంఫన్ బెంగాల్ తీరాన్ని తాకింది. రెండింటి విషయంలోనూ కొన్ని రోజుల ముందే హెచ్చరికలు అందాయి. లక్షల మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. ఈ మేలు ఉపగ్రహం ఒక్కదానిదే కాదు. తీరంలోని రాడార్లు, తుపాను షెల్టర్లు, ఇంటింటికీ తిరిగి చెప్పిన సిబ్బంది అందరి కృషీ ఇందులో ఉంది. ఆంఫన్ ప్రాణాలను, ఆస్తులను తీసుకుపోయింది కూడా. హౌరాలోని శిబ్‌పూర్ వృక్షోద్యానంలో వందల చెట్లు కూలాయి. రెండున్నర శతాబ్దాల నాటిదని చెప్పే అక్కడి మహా మర్రిచెట్టు కూడా దెబ్బతింది.

14.6 మేఘాలు అడ్డొస్తే?

మామూలు కెమెరా మేఘాలను దాటి చూడలేదు. వరద వచ్చేది వానాకాలంలో. అప్పుడే ఆకాశమంతా మేఘాలు. సరిగ్గా అవసరమైనప్పుడే కెమెరా పనికిరాదు. ఈ ఇబ్బందిని రాడార్ ఉపగ్రహాలు తీరుస్తాయి.

రాడార్ ఉపగ్రహం సూర్యకాంతి కోసం ఎదురుచూడదు. తానే రేడియో తరంగాలను కిందికి పంపి, తిరిగి వచ్చినదాన్ని కొలుస్తుంది. ఈ తరంగాలు మేఘాలను దాటిపోతాయి. పగలూ రాత్రీ ఒకటే. రాత్రిపూట టార్చిలైటు వెలుగును అద్దం మీద వాలుగా వేసి చూడండి. వెలుగు అవతలి వైపు పోతుంది, మీ వైపు రాదు. కదలని నీరు కూడా ఇలాగే తరంగాలను అవతలికి పంపేస్తుంది. అందుకే రాడార్ చిత్రంలో నీరు నల్లగా కనిపిస్తుంది. ఇళ్లు, చెట్లు తరంగాలను నలువైపులా చెదరగొడతాయి కాబట్టి తెల్లగా కనిపిస్తాయి.

హౌరా జిల్లాలోనే దీని అవసరం ఉంది. జిల్లా పడమర భాగంలో ఉదయనారాయణపూర్, ఆమ్తా అనే ప్రాంతాలు దామోదర్ నది దిగువన పల్లంలో ఉన్నాయి. ఎగువన భారీ వర్షాలు కురిసి మైథాన్, పంచెత్ జలాశయాల నుంచి నీరు వదిలినప్పుడు ఈ ప్రాంతాలకు ముంపు తప్పదు. 2021లోనూ, 2024 సెప్టెంబరులోనూ ఇక్కడ వరదలు వచ్చాయి. ఇలాంటి సమయంలో వరదకు ముందు తీసిన రాడార్ చిత్రాన్ని, వరదలో తీసిన చిత్రాన్ని పక్కపక్కన పెడతారు. ముందు తెల్లగా ఉండి ఇప్పుడు నల్లబడిన గడులు ముంపు ప్రాంతాలు. 2012 నాటి రిశాట్-1, 2022 నాటి ఈ.ఓ.ఎస్-04 మన దేశం ప్రయోగించిన రాడార్ ఉపగ్రహాలు. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన నిసార్ ఇస్రో, నాసా కలిసి తయారుచేసిన రాడార్ ఉపగ్రహం.

ఇక్కడా ఒక చిక్కుంది. జూలై, ఆగస్టు నెలల్లో నాట్లు వేసిన వరి మడుల్లో నీరు నిలబెడతారు. రాడార్‌కు మడిలోని నీరు, వరద నీరు ఒకేలా కనిపించవచ్చు. "ఇది వరద కాదు, మా నాటు మడి" అని చెప్పగలిగినది అక్కడి రైతే.

పాఠంలోని ప్రశ్నలు 14.2
1. ఒక గడి భుజం 20 మీటర్లు. దాని విస్తీర్ణం సుమారు ఎన్ని సెంట్లు?
2. తుపానును గమనించడానికి 16 రోజులకోసారి వచ్చే ఉపగ్రహం ఎందుకు చాలదు?
3. వానాకాలంలో వరద పటం తయారుచేయడానికి ఏ రకం ఉపగ్రహం అనువైనది? ఎందుకు?

14.7 పచ్చగా ఉన్నదంతా నేలేనా?

ఇప్పుడు సంత్రాగాచి చెరువు దగ్గరకు తిరిగి వద్దాం. మురుగు కలిసే చెరువుల్లో గుర్రపుడెక్క విపరీతంగా పెరుగుతుంది. మన ఊళ్లలోనూ దీన్ని చూసే ఉంటారు. సంత్రాగాచిలో చలికాలం ముందు దీన్ని తీసివేసి, పక్షులు వాలడానికి కొన్ని దిబ్బలుగా మాత్రం వదిలిపెడుతుంటారు. తీయడం ఆలస్యమైతే నీరంతా ఆకుల కింద దాక్కుంటుంది. చెరువులోకి మురుగు చేరే విషయం జాతీయ హరిత ట్రిబ్యునల్ వరకూ వెళ్లింది.

గుర్రపుడెక్కతో నిండిన చెరువును వృక్ష సూచికతో కొలిస్తే ఏమవుతుంది? సూచిక 0.6 దాకా రావచ్చు. అంకెలను మాత్రమే చూసేవారు "ఇక్కడ చెరువు లేదు, పచ్చిక బీడు ఉంది" అని రాసుకోవచ్చు. ఆ మాట ఒకసారి పటంలోకి ఎక్కితే, "ఇది చెరువు కానే కాదు" అని వాదించేవారికి అదే సాక్ష్యమవుతుంది. ఒడ్డున ఉన్నవారు "ఇది చెరువే, కింద నీరుంది" అని చెప్పకపోతే ఆ తప్పు దిద్దేవారుండరు.

ఉపగ్రహ చిత్రంలో కనిపించినదాన్ని ఆ చోటికి వెళ్లి సరిచూసుకోవడాన్ని క్షేత్ర నిర్ధారణ అంటారు. రిమోట్ సెన్సింగ్‌లో ఇది తప్పనిసరి మెట్టు.

మన కొల్లేరులో ఇందుకు తిరకాసుగా ఉండే ఉదాహరణ దొరుకుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న ఈ మంచినీటి సరస్సులో 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002 ఆగస్టు 19న దీనికి రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. కోల్‌కతా తూర్పు చిత్తడి నేలలకూ అదే రోజు ఆ గుర్తింపు లభించింది. కొల్లేరులో గట్లు వేసి చేపల చెరువులు తవ్వారు. 2006లో ప్రభుత్వం ఎన్నో గట్లను కొట్టివేయించింది. పరారుణ చిత్రంలో సరస్సు నీరు నలుపే, చేపల చెరువు నీరు కూడా నలుపే. నల్లని గడులను లెక్కపెట్టి "నీరు పెరిగింది, సరస్సు బాగుంది" అనుకుంటే పొరపాటు. అలాంటప్పుడు ఆకారం చూడాలి. సరస్సు అంచు వంకరటింకరగా ఉంటుంది. చేపల చెరువుల అంచులు స్కేలు పెట్టి గీసినట్టు ఉంటాయి.

అక్కడ నీరు నేలలా కనిపించింది. ఇక్కడ పోయిన సరస్సు నీరులా కనిపించింది. రెండు చోట్లా ఉపగ్రహం అబద్ధం చెప్పలేదు. అది కాంతిని కొలిచింది, అంతే. దానికి అర్థం చెప్పవలసింది మనుషులు.

14.8 గడిలో పట్టని చెరువులు

ఉపగ్రహ పటం చట్టానికి కూడా బలమిస్తుంది. అహ్మదాబాదులోని అంతరిక్ష ఉపయోగాల కేంద్రం రిసోర్స్‌శాట్ చిత్రాలతో జాతీయ చిత్తడి నేలల పటాన్ని తయారుచేసి 2011లో వెలువరించింది. అందులో 2,01,503 చిత్తడి నేలలను గుర్తించారు. ఈ నేలలకు రక్షణ కల్పించాలని సుప్రీంకోర్టు 2017 ఫిబ్రవరిలో ఆదేశించింది. పటంలోకి ఎక్కిన చెరువుకు దిక్కు దొరికిందన్నమాట.

మరి పటంలోకి ఎక్కని చెరువుల మాటేమిటి? ఈ పటం స్కేలు 1:50,000. పటం మీద 3 మిల్లీమీటర్ల చతురస్రం నేల మీద 150 మీటర్ల చతురస్రం. అంటే 2.25 హెక్టార్లు, సుమారు ఐదున్నర ఎకరాలు. అంతకన్నా చిన్నవాటికి హద్దులు గీయలేదు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క చుక్క పెట్టారు. అలాంటి చుక్కలు 5,55,557 ఉన్నాయి! గీసిన వాటి కన్నా చుక్కలే రెండున్నర రెట్లకు పైగా ఉన్నాయని గమనించండి.

ఇప్పుడు బెంగాల్ చట్టాన్ని చూద్దాం. 1984 నాటి పశ్చిమ బెంగాల్ ఇన్‌లాండ్ ఫిషరీస్ చట్టానికి 1993లో ఒక సవరణ చేశారు. దాని ప్రకారం 5 కఠాలు, అంటే 0.035 హెక్టార్లు, లేదా అంతకన్నా ఎక్కువ విస్తీర్ణం ఉన్న నీటి గుంటను పూడ్చి వేరే పనికి వాడటం నిషిద్ధం. 0.035 హెక్టార్లంటే 350 చదరపు మీటర్లు, మన లెక్కలో తొమ్మిది సెంట్ల లోపు. హౌరా లాంటి పాత ఊళ్లలో ఇళ్ల మధ్య ఉండే కుంటలు ఇలాంటివే. వానాకాలంలో వీధి నీరు చేరడానికీ, బట్టలు ఉతకడానికీ, నాలుగు చేపలు పెంచుకోవడానికీ, నిప్పు అంటుకుంటే ఆర్పడానికీ ఇవే ఆధారం. కుంట పూడితే ఆ నీరు వీధిలోనే నిలుస్తుంది.

తొమ్మిది సెంట్ల లోపు ఉన్న ఈ కుంట 14 సెంట్ల లిస్-3 గడిలో ఒక్క గడి కూడా నింపదు. 10 మీటర్ల గడులైతే మూడు, నాలుగు మాత్రమే. అవి కూడా చుట్టూ ఉన్న ఇళ్ల కప్పులతో కలిసిపోయి మసకగా ఉంటాయి. చట్టం కాపాడమన్న కుంట చాలా ఉపగ్రహాలకు సరిగా కనిపించదు. మరింత పదునైన చిత్రాలు ఉన్నాయి గాని వాటికి డబ్బు ఖర్చవుతుంది. పైగా ఎవరో ఒకరు ఫలానా చోట చూడమని చెప్పాలి. ఆ చెప్పేవారు కుంట పక్కన నివసించేవారే.

గుర్తుంచుకోండి: పెద్ద చెరువుకు ఉపగ్రహం కాపలా. చిన్న కుంటకు ఇరుగుపొరుగే కాపలా.

14.9 ఏళ్ల తరబడి చూస్తే: వాతావరణ మార్పు

ఒక వేసవి మండిపోయినంత మాత్రాన వాతావరణం మారిందని చెప్పలేం. అందుకు సుమారు ముప్పై ఏళ్ల లెక్కలు చూస్తారు. మొదటి ల్యాండ్‌శాట్‌ను 1972లో ప్రయోగించారు. కాబట్టి ఇప్పుడు మన చేతిలో యాభై ఏళ్లకు పైబడిన చిత్రాలున్నాయి. ఇది ఉపగ్రహాలు మనకిచ్చిన గొప్ప ఆస్తి.

సముద్రమట్టాన్ని కొలిచే ఉపగ్రహాలు కూడా ఉన్నాయి. ఇవి రాడార్ తరంగం నీటిని తాకి తిరిగి రావడానికి పట్టే కాలాన్ని బట్టి ఎత్తును లెక్కిస్తాయి. ఈ కొలతల ప్రకారం ప్రపంచ సగటు సముద్రమట్టం 1993 నుంచి 2024 వరకు సుమారు 10 సెంటీమీటర్లు పెరిగింది. పెరిగే వేగం కూడా ఎక్కువవుతోంది.

హౌరా నుంచి హుగ్లీ వెంట దిగువకు వెళితే నది సముద్రంలో కలిసే చోట ఘోరామారా అనే దీవి ఉంది. 1970ల నుంచి తీసిన ఉపగ్రహ చిత్రాలను వరసగా పెడితే ఈ దీవి చిక్కిపోతూ రావడం కనిపిస్తుంది. దాదాపు సగం నేల నీటి పాలైంది. ఇళ్లు, పొలాలు పోయినవారు పక్కనున్న సాగర్ దీవికి వలస వెళ్లారు. చిత్రాలు నేల ఎంత పోయిందో చెబుతాయి. ఎందుకు పోయిందో వాటంతటవి చెప్పవు. నదీ ప్రవాహం, అలల కోత, పెరిగే సముద్రం ఇవన్నీ కలిసి పనిచేశాయి. దేని వాటా ఎంతో తేల్చడానికి నీటి కొలతలు, మట్టి పరీక్షలు, అక్కడి జనం జ్ఞాపకాలు కావాలి.

అడవుల లెక్క కూడా ఇలాంటిదే. భారత అటవీ సర్వేక్షణ సంస్థ 1987 నుంచి ఉపగ్రహ చిత్రాల ఆధారంగా నివేదికలు ఇస్తోంది. ఇందులో ఒక హెక్టారుకు మించి, నేలలో పదో వంతుకు పైగా చెట్ల నీడ ఉన్నచోటునల్లా అటవీ విస్తీర్ణంగా లెక్కిస్తారు. మామిడి తోట అయినా, సరుగుడు తోట అయినా అందులో చేరుతుంది. కాబట్టి అంకె చూడగానే "దేన్ని లెక్కపెట్టారు?" అని అడగడం నేర్చుకోవాలి.

14.10 మీరే చేసి చూడండి

మీ ఊళ్లో ఒక చెరువునో, కుంటనో ఎంచుకోండి.
1. గట్టు మీద నడిచి చుట్టుకొలతను అడుగులతో కొలవండి. ఎక్కడెక్కడ నీరుంది, ఎక్కడ గుర్రపుడెక్క ఉంది, ఎక్కడ మట్టి పోశారు అన్నవి కాగితం మీద గీసుకోండి.
2. ఊళ్లోని పెద్దవాళ్లను అడగండి. వాళ్ల చిన్నప్పుడు నీరు ఎంతదాకా ఉండేది? ఏ చెట్టు దాకా, ఏ గుడి దాకా వచ్చేది? తేదీతో రాసుకోండి.
3. మీ అధ్యయన కేంద్రంలోని కంప్యూటర్‌లోగాని, ఫోనులోగాని భువన్ తెరిచి అదే చెరువును వెతకండి. మీ గీతతో పోల్చి చూడండి.
4. పాత చిత్రం దొరికితే అదే నెలకు చెందిన కొత్త చిత్రంతోనే పోల్చండి. అక్టోబరులో నిండిన చెరువును మే నెలలో ఎండిన చెరువుతో పోల్చకూడదు.
5. మట్టి పోసి పూడుస్తున్నట్టు తేలితే సర్వే నంబరు, తేదీలు, ఫోటోలు జతచేసి తహసీల్దారు కార్యాలయంలో అర్జీ ఇవ్వండి. రసీదు అడిగి తీసుకోండి. మన రాష్ట్రాల్లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు 2002 నాటి వాల్టా చట్టం ఉంది.

మీరు రాసుకున్నదాన్ని తర్వాతి సంపర్క తరగతికి తీసుకురండి. తోటి అభ్యాసకులతో చర్చించండి.

14.11 మీరు నేర్చుకున్నవి

• ఉపగ్రహం నేల నుంచి వచ్చే కాంతిని గాని, తాను పంపిన తరంగాలను గాని కొలుస్తుంది.
• గడి ఎంత చిన్నదైతే వివరం అంత ఎక్కువ. ఎంత తరచుగా చూస్తే మార్పు అంత త్వరగా తెలుస్తుంది.
• రాడార్ మేఘాల గుండా, రాత్రిపూట కూడా చూడగలదు.
• గుర్రపుడెక్క నిండిన చెరువు నేలలా, చేపల చెరువు సరస్సులా కనిపించవచ్చు. కాబట్టి క్షేత్ర నిర్ధారణ తప్పనిసరి.
• చిన్న కుంటలు పటాలకు అందవు. వాటి సంగతి చెప్పవలసింది పక్కన ఉన్నవారే.

14.12 ముగింపు ప్రశ్నలు

1. ఒక చెరువు మార్చి నెల చిత్రంలో 10 మీటర్ల గడులు 400 నీటివి ఉన్నాయి. ఐదేళ్ల తర్వాత మార్చి చిత్రంలో 340 ఉన్నాయి. ఎంత విస్తీర్ణం తగ్గింది? అది పూడికా, గుర్రపుడెక్కా, ఎండా అన్నది మీరెలా తేలుస్తారు?
2. సంత్రాగాచి, కొల్లేరు ఉదాహరణల్లో పొరపాటు ఎలా జరగవచ్చో పోల్చి రాయండి.
3. "ఉపగ్రహం ఉండగా మనుషులు వెళ్లి చూడటం ఎందుకు?" అని మీ మిత్రుడు అడిగాడు. పది వాక్యాల్లో జవాబు రాయండి.

పాఠంలోని ప్రశ్నలకు జవాబులు

14.1
1. నీరు పరారుణ కాంతిని దాదాపు పూర్తిగా పీల్చుకుంటుంది. వెనక్కి వచ్చేది చాలా తక్కువ.
2. (40 − 10) ÷ (40 + 10) = 0.6. పైరు, తోట లేదా గుర్రపుడెక్క నిండిన చెరువు ఉండవచ్చు. వెళ్లి చూస్తేగాని చెప్పలేం.

14.2
1. 20 × 20 = 400 చదరపు మీటర్లు. సుమారు 10 సెంట్లు.
2. తుపాను గంటగంటకూ స్థానం మారుతుంది. రెండో చిత్రం వచ్చేసరికి తుపాను వచ్చి వెళ్లిపోతుంది.
3. రాడార్ ఉపగ్రహం. దాని తరంగాలు మేఘాలను దాటగలవు, సూర్యకాంతి అవసరం లేదు.